హైదరాబాద్ రాళ్ల కథ రాసిన డాక్టర్: హెన్రీ వాయ్‌సీ

సిద్దిపేట జిల్లా చిన్నకోడూరు మండలంలోని చంద్లాపూర్ పేరు చెబితే ఇప్పుడు అందరికీ రంగనాయక సాగర్ గుర్తొస్తుంది. 2020 ఏప్రిల్‌లో నీళ్లు నింపడం మొదలైన ఈ రిజర్వాయర్ సామర్థ్యం 3 టీఎంసీలు. దీంట్లోకి నీళ్లు కాలువ మీదుగా పారుతూ రావు. నేల కింద బండను తొలిచి చేసిన సొరంగం గుండా వస్తాయి, అక్కడి నుంచి భారీ మోటార్లు పైకి ఎత్తిపోస్తాయి. ఆ సొరంగం తొలిచేటప్పుడు మిషన్లకు ఎదురైన రాయి మామూలుది కాదు. తెలంగాణ నేలకు పునాదిగా ఉన్న గ్రానైట్ అది. దాని వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు.

ఈ బండల్ని చూసి ఇవి ఎలా పుట్టాయి, వీటి కింద ఏముంది, పక్క జిల్లాల్లో నల్లరాయి ఎందుకుంది అని పట్టుబట్టి వెతికిన తొలితరం మనిషి ఒకరున్నారు. ఆయన వృత్తి రాళ్లు కాదు, వైద్యం. పేరు హెన్రీ వెస్లీ వాయ్‌సీ. భారత భూగర్భ శాస్త్రానికి పితామహుడని ఆయన్ని కొందరు అంటారు. ఆయన పని చేసింది కేవలం ఐదారేళ్లు. అందులో ఎక్కువ భాగం గడిచింది నిజాం రాజ్యంలోనే.

డాక్టర్ చేతికి సుత్తి

వాయ్‌సీ 1791లో ఇంగ్లండ్‌లో పుట్టారు. వైద్యం చదివి బ్రిటిష్ సైన్యంలో అసిస్టెంట్ సర్జన్‌గా చేరారు. ఆ కాలంలో వైద్యం చదివినవాళ్లకు మొక్కలు, ఖనిజాలు, రసాయనాల గురించి కూడా తెలిసి ఉండేది. మందులు చాలావరకు వాటి నుంచే కదా తయారయ్యేవి. అందుకే అప్పట్లో చాలామంది సర్జన్లు మొక్కల పరిశోధకులుగానో, రాళ్ల పరిశోధకులుగానో పేరు తెచ్చుకున్నారు.

ఆ సమయంలో దక్షిణాదిలో విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి ఓ పెద్ద పని మీద ఉన్నారు. దేశం దక్షిణ కొస నుంచి ఉత్తరంగా, ఒకదానికొకటి ఆనుకున్న త్రిభుజాలు గీస్తూ భూమిని కొలుస్తున్నారు. గుట్ట మీద నుంచి గుట్టకు, గోపురం మీద నుంచి గోపురానికి కోణాలు తీసుకుంటూ ఆయన బృందం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది. 1815లో బీదర్ దగ్గర నేల మీద ఒక సరళరేఖను ఎంతో జాగ్రత్తగా కొలిచారు. 1818లో ఈ సర్వేను కలకత్తాలోని గవర్నర్ జనరల్ నేరుగా తన కిందికి తీసుకుని, గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వే అని పేరు పెట్టారు. లాంబ్టన్‌కు సహాయకుడిగా జార్జ్ ఎవరెస్ట్‌ను నియమించారు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన శిఖరానికి తర్వాత పెట్టింది ఈయన పేరే. బృందానికి డాక్టర్‌గా, రాళ్ల పరిశీలకుడిగా రెండు బాధ్యతలూ కలిపి వాయ్‌సీకి అప్పగించారు.

అప్పుడు హైదరాబాద్‌ను సికందర్ జా పాలిస్తున్నారు. దేశంలో భూగర్భ పరిశోధనకు ప్రత్యేక శాఖ అనేదే లేదు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది 1851లో. అంటే వాయ్‌సీ ఉద్యోగంలో చేరిన 33 ఏళ్ల తర్వాత. ఆయనకు పటం లేదు, ముందు చేసినవాళ్ల పుస్తకం లేదు. సుత్తి, దిక్సూచి, నోట్‌బుక్ పట్టుకుని ఆయనే మొదలుపెట్టుకోవాలి.

నీళ్లా? నిప్పా?

వాయ్‌సీ పనిలో ఏం పణంగా ఉందో అర్థం కావాలంటే, అప్పుడు యూరప్‌లో నడుస్తున్న గొడవ తెలియాలి. జర్మనీలో వెర్నర్ అనే ప్రొఫెసర్ రాళ్లన్నీ ఒకప్పటి మహాసముద్రపు నీళ్లలో నుంచి పేరుకున్నవేనని బోధించారు. గ్రానైట్ కూడా అంతే, నల్లటి బసాల్ట్ రాయి కూడా అంతే అన్నారు. స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ హటన్ దీన్ని ఒప్పుకోలేదు. భూమి లోపల వేడి ఉందని, కరిగిన రాయి పైకి వచ్చి గడ్డకట్టడం వల్ల ఇలాంటి రాళ్లు పుట్టాయని ఆయన వాదన.

ఇలాంటి ప్రశ్నలు యూరప్‌తోనే మొదలు కాలేదు. అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే ఇబ్న్ సీనా కొండలు పుట్టడానికి భూకంపాల్లో నేల పైకి లేవడం ఒక కారణమని, నీళ్లు కోసుకుపోవడం మరో కారణమని రాశారు. ఆయన కాలంవారే అయిన అల్ బిరూనీ గంగా మైదానంలో ఒక సంగతి గమనించారు. కొండల దగ్గర పెద్ద పెద్ద గుండ్రాళ్లు, దూరం పోయేకొద్దీ చిన్న రాళ్లు, చివరికి ఇసుక కనిపించాయి. దాన్నిబట్టి ఒకప్పుడు అక్కడ సముద్రం ఉండేదని, నదులు తెచ్చిన ఒండ్రుతో అది పూడిపోయిందని లెక్కగట్టారు. రాయిని చూసి కాలాన్ని చదవడం అంటే ఇదే.

వాయ్‌సీకి ఒక విధంగా అదృష్టం కలిసొచ్చింది. యూరప్‌లో ప్రొఫెసర్లు చిన్న చిన్న నల్లరాతి గుట్టల మీద వాదించుకుంటుంటే, ఆయన ముందు అదే నల్లరాయి రోజుల తరబడి గుర్రమెక్కి వెళ్లినా అయిపోనంత విస్తీర్ణంలో పరచుకుని ఉంది.

ఎల్లాపురం అడవిలో జ్వరం

కానీ ఆ నేల మీద నడవడం అంత సులువు కాలేదు. 1819 వానాకాలంలో లాంబ్టన్ తన కొత్త సహాయకుడు ఎవరెస్ట్‌ను కృష్ణా, గోదావరి నదుల మధ్య ప్రాంతాన్ని కొలవడానికి పంపారు. వెంట వాయ్‌సీ కూడా వెళ్లారు. వానకు వాగులు పొంగాయి. గుట్టల మీద జెండాలు పాతడానికి వెళ్లినవాళ్లకు దారి దొరకలేదు. కొండెక్కి చూద్దామంటే చుట్టూ అడవి, చెట్లు కొట్టించుకుంటూ పోవాల్సిందే.

ఎల్లాపురం అడవుల్లో ఉండగా బృందానికి విషజ్వరం పట్టుకుంది. దోమల వల్ల మలేరియా వస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ సంగతి ఇంకా దాదాపు ఎనభై ఏళ్లకు సికింద్రాబాద్‌లోనే రొనాల్డ్ రాస్ తేల్చారు. అడవి గాలే విషమని 1819లో అందరూ నమ్మేవారు. ఎవరెస్ట్ పడిపోయారు. వైద్యం చేయాల్సిన వాయ్‌సీ కూడా పడిపోయారు. వెంట ఉన్న జెండా మనుషులు, లస్కర్లు, కూలీలు దాదాపు నూటయాభై మందికి జ్వరం సోకింది. హైదరాబాద్ నుంచి పల్లకీలు, ఏనుగులు పంపించి వాళ్లను వెనక్కి తీసుకొచ్చారు. దారిలో సుమారు పదిహేను మంది చనిపోయారు.

చనిపోయిన ఆ పదిహేను మందీ మన నేల మీది పేదలే. సర్వే పుస్తకాల్లో కోణాల లెక్కలు సెకన్లలో పదో వంతు దాకా ఉన్నాయి గానీ వాళ్ల పేర్లు లేవు. ఎవరెస్ట్ ఆరోగ్యం పాడై 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్‌కు విశ్రాంతికి వెళ్లిపోయారు. వాయ్‌సీ మాత్రం ఇక్కడే ఉండి పని కొనసాగించారు.

గుండ్ల నేల, నల్లరాతి నేల

తెలంగాణలో తిరిగినవాళ్లకు ఒక విషయం కంటికే తెలుస్తుంది. హైదరాబాద్, సిద్దిపేట, జనగామ, వరంగల్ వైపు ఎక్కడ చూసినా గుండ్లు, పరుపు బండలు. చల్కా నేలలు, మొరం. పడమరగా జహీరాబాద్, నారాయణఖేడ్, జుక్కల్ వైపు వెళ్తే నేల రంగే మారిపోతుంది. నల్లరేగడి, బల్లపరుపుగా ఉండే కొండ తలలు, మెట్లు మెట్లుగా దిగే వాలులు. ఉత్తరాన ఆదిలాబాద్, నిర్మల్ వైపు కూడా ఆ నల్లరాయి కనిపిస్తుంది.

వాయ్‌సీ ఈ రెండు నేలల మధ్య గీత ఎక్కడ ఉందో వెతుక్కుంటూ తిరిగారు. హైదరాబాద్ ప్రాంతపు భూగర్భ స్థితి మీద నివేదికలు రాశారు. రాళ్ల రకాలను చూపే పటం తయారు చేశారు. మన దేశంలో ఆ తరహా పటాల్లో మొదటిది అదేనని చెబుతారు.

ఇప్పటి శాస్త్రం ఈ రెండు నేలల గురించి చెప్పేది ఇది. గ్రానైట్ భూమి లోపల కిలోమీటర్ల లోతులో కరిగిన రాయి చాలా నెమ్మదిగా చల్లారడం వల్ల పుట్టింది. నెమ్మదిగా చల్లారితే పలుకులు పెద్దవిగా ఏర్పడతాయి. అందుకే చంద్లాపూర్ బండను దగ్గరగా చూస్తే తెల్లవి, గులాబీవి, నల్లవి పలుకులు కంటికి ఆనుతాయి. పైన కప్పిన మట్టి, రాయి కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయి ఈ బండ బయటపడింది. దానిలోని పగుళ్ల వెంట నీళ్లు దిగి మూలలను తినేయడంతో చదరపు దిమ్మలు గుండ్లయ్యాయి. హైదరాబాద్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కనిపించే గుండ్లు ఎవరూ పేర్చినవి కావు. అవి పుట్టిన చోటే ఉన్నాయి, చుట్టూ ఉన్నదే పోయింది.

నల్లరాయి కథ వేరు. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కింద దక్కన్ నేల పగిలి, ఆ పగుళ్ల నుంచి లావా పైకి వచ్చింది. అగ్నిపర్వతం అనగానే పిల్లల పుస్తకాల్లో ఉండే కోను ఆకారపు కొండ గుర్తొస్తుంది. దక్కన్‌లో జరిగింది ఎక్కువగా అలాంటిది కాదు. పెనం మీద దోశ పిండి పరచినట్టు పలచని లావా వందల కిలోమీటర్లు పారింది. ఒక పొర గడ్డకట్టాక దాని మీద ఇంకో పొర. ఇలా పడమటి కనుమల్లో రెండు కిలోమీటర్లకు మించిన మందం పేరుకుంది. ఇప్పుడు మిగిలిన విస్తీర్ణమే సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. రాజమండ్రి దగ్గర పంగిడి క్వారీల్లో తీసే నల్లరాయి కూడా ఆ కాలం నాటి లావానే. ఈ రాయి పైపైన చల్లారింది కాబట్టి తొందరగా గడ్డకట్టింది, పలుకులు కంటికి కనిపించనంత సన్నగా ఉంటాయి. ఇదే చివికి చివికి పత్తి పండే రేగడి అయ్యింది.

ఈ నల్లరాయి నీళ్లలో పేరుకున్నది కాదు, నిప్పుకు పుట్టినదేనన్న వైపే వాయ్‌సీ మొగ్గారు. ఊరికే ఒక పక్షం ఎంచుకుని చెప్పిన మాట కాదది. ఇక్కడి గుట్టల్లో ఆయన చూసినదే ఆయన్ని అటు నడిపింది.

నల్లరాళ్ల మధ్య నత్త చిప్పలు

1823 ఏప్రిల్‌లో వాయ్‌సీ బేరార్ ఉత్తరాన ఉన్న గావిల్‌గఢ్ కొండల్లో తిరుగుతున్నారు. అక్కడ నల్లరాతి పొరల మధ్య ఇరుక్కున్న ఒక పొరలో ఆయనకు రాయిగా మారిన చిప్పలు దొరికాయి. మండే లావాలో ప్రాణి బతకదు. మరి ఆ చిప్పలు అక్కడికెలా వచ్చాయి?

ఒకే ఒక దారి ఉంది. ఒకసారి లావా పారింది, చల్లారింది. ఆ తర్వాత చాలా కాలం ఏమీ జరగలేదు. గుంతల్లో వాన నీళ్లు నిలిచి చెరువులయ్యాయి. వాటిలో నత్తలు పెరిగాయి, చచ్చి అడుగున బురదలో కూరుకుపోయాయి. అప్పుడు మళ్లీ లావా వచ్చి ఆ చెరువును కప్పేసింది. అంటే అగ్నిపర్వతాల విజృంభణ ఒక్క రోజులోనో ఒక్క ఏడాదిలోనో అయిపోలేదు, మధ్యలో చెరువులు పుట్టి పెరిగేంత విరామాలు ఉన్నాయి.

ఈ రకం పొరల మీద ఇప్పటికీ పరిశోధన నడుస్తోంది. మన వికారాబాద్ జిల్లాలోని నస్కల్ దగ్గర ఇలాంటి పొరలోనే ఎలుకంత సైజు పాలిచ్చే జంతువుల పళ్లు దొరికాయి. రాక్షసబల్లులు అంతరించిన కాలం అది. మెక్సికో దగ్గర పడిన పెద్ద ఉల్క, దక్కన్ లావా వదిలిన వాయువులు, ఈ రెండింటిలో దేని పాత్ర ఎంత అన్నది తేల్చడానికి ప్రపంచమంతటి శాస్త్రవేత్తలు నేటికీ దక్కన్ నల్లరాయినే తవ్వుకుని తీసుకెళ్తున్నారు.

కోనసముద్రం ఉక్కు, ఇస్ఫహాన్ సౌదాగర్

వాయ్‌సీ రాళ్లనే కాదు, రాయితో బతికే మనుషుల్నీ చూశారు. ఆయన రాతల్లో ఇప్పటికీ చరిత్రకారులు ఎక్కువగా వెతుక్కునేది కోనసముద్రం గురించిన వ్యాసం. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని ఈ ఊళ్లో కమ్మరులు తయారు చేసే ఉక్కు ఇరాన్ దాకా వెళ్లేది. డమాస్కస్ కత్తులుగా లోకం మెచ్చుకున్న కత్తులకు ఇదే ముడిసరుకు.

చుట్టుపక్కల నేలలో దొరికే రెండు రకాల ఇనుమును వాళ్లు ఒక పాళ్లలో కలిపేవారు. చివికిన గ్రానైట్ నుంచి వచ్చే, మంటకు కరగని బంకమట్టితో మూసలు చేసేవారు. ఇనుమును మూసలో పెట్టి, మూత వేసి, మట్టితో మెత్తి కొలిమిలో పెట్టేవారు. బర్రె తోలుతో చేసిన తిత్తులతో ఇరవై నాలుగు గంటలు ఆపకుండా గాలి కొట్టేవారు. చల్లారాక మూస పగలగొడితే చేతిలో పట్టే ఉక్కు బిళ్ల వచ్చేది. అది పెళుసుగా ఉంటుంది కాబట్టి, మళ్లీ మట్టి పూసి గంటల కొద్దీ కాల్చి చల్లార్చేవారు. మెత్తబడేదాకా మూడు నాలుగుసార్లు అదే పని.

ఆ కొలిమి దగ్గరే వాయ్‌సీకి ఒక సౌదాగర్ కలిశారు. పేరు హాజీ హుసేన్. ఊరు ఇరాన్‌లోని ఇస్ఫహాన్. ఉక్కు కొనడానికి అంత దూరం నుంచి ఆయన ఇక్కడికి వచ్చి మకాం వేసేవారు. కమ్మరుల పక్కన కూర్చుని, తూకాలు తనే చూసుకుని, ఉక్కు గట్టిదనాన్ని తనే పరీక్షించుకునేవారు. ఇదే ఉక్కును ఇరాన్‌లో తయారు చేద్దామని ప్రయత్నించి కుదరలేదన్న సంగతి కూడా వాయ్‌సీకి ఆయన ద్వారానే తెలిసింది.

తెలంగాణ కమ్మరి, ఇరానీ హాజీ, ఇంగ్లిష్ డాక్టర్ ఒకే కొలిమి దగ్గర నిలబడ్డ ఆ సన్నివేశం వాయ్‌సీ రాసిపెట్టకపోతే మనకు తెలిసేదే కాదు. ఎందుకంటే ఆ తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే విదేశీ ఫ్యాక్టరీ ఉక్కు దిగి, ఆ కొలిములు ఆరిపోయాయి. తరతరాల హునర్ నోటి మాటగానే ఉండి నోటితోనే పోయింది. తర్వాత ఆ ఉక్కు రహస్యం కోసం ప్రపంచంలోని ప్రయోగశాలలు వాయ్‌సీ లాంటివాళ్లు రాసుకున్న నాలుగు పేజీలను వెతుక్కోవాల్సి వచ్చింది.

వజ్రం పుట్టిల్లు, తాజ్‌మహల్ పూలు

గోల్కొండ వజ్రాల పేరు అప్పటికే లోకమంతా మారుమోగింది. నిజానికి గోల్కొండలో వజ్రాలు దొరకవు, అది బజారు మాత్రమే. గనులు కృష్ణా తీరంలోని కొల్లూరు, పరిటాల, రాయలసీమలోని బనగానపల్లె లాంటి చోట్ల ఉండేవి. వాయ్‌సీ ఈ దక్షిణాది గనులను చూసి వ్యాసం రాశారు. వజ్రాలు నది గులకల్లోకి ఎక్కడి నుంచి వస్తున్నాయన్నది ఆయన ప్రశ్న. బనగానపల్లె వైపు ఇసుకరాతి పొరల్లో, గులకలు అతుక్కుని గట్టిపడిన రాయిలో వజ్రం ఉండటం చూసి, దాని స్థానం అదేనని తేల్చారు.

ఆయన ఒక మెట్టు దాకా సరిగ్గా వెళ్లారు. కానీ ఆ ఇసుకరాయి కూడా వజ్రానికి పుట్టిల్లు కాదు, అది మధ్యలో ఆగిన మజిలీ. వజ్రం పుట్టేది నేల కింద 150 కిలోమీటర్ల కన్నా లోతులో. అక్కడి నుంచి వేగంగా పైకి దూసుకొచ్చే ఒక రకం అగ్నిపర్వతపు గొట్టం దాన్ని మోసుకొస్తుంది. అనంతపురం జిల్లా వజ్రకరూరులో అలాంటి గొట్టాలు ఉన్నాయి. ఈ సంగతి లోకానికి తెలిసింది దక్షిణాఫ్రికాలో గనులు బయటపడ్డాక, అంటే వాయ్‌సీ పోయిన దాదాపు యాభై ఏళ్లకు.

ఆగ్రా కట్టడాల రాళ్ల గురించి కూడా వాయ్‌సీ రాశారు. తాజ్‌మహల్‌ను అందరూ అందానికి చూస్తారు, ఆయన రాయి రాయిగా చూశారు. సమాధుల చుట్టూ ఉన్న జాలీ మీద పొదిగిన ఒక్కో పువ్వులో ఎన్ని ముక్కలున్నాయో లెక్కపెట్టారు. ఒక పువ్వులోనే వంద దాకా రాళ్లు, ప్రతిదీ అచ్చంగా తన చోటికి సరిపోయేలా కోసి, అరగదీసి, మెరుగు పెట్టినవి. ఏది లాజవర్ద్, ఏది అఖీఖ్, ఏది జాస్పర్ అని పేరుపేరునా గుర్తించారు.

అఖీఖ్ ఉంగరం పెట్టుకునేవాళ్లకు తెలియాల్సిన విషయం ఒకటుంది. లావా గడ్డకట్టేటప్పుడు దానిలోని గ్యాస్ బుడగలు, తందూరీ నాన్‌లో పొంగిన బుడగల్లా, ఖాళీ గదులుగా మిగిలిపోతాయి. తర్వాత వేల ఏళ్లపాటు వాటిలోకి నీళ్లు ఊరి, సిలికాను పొర పొరగా పేర్చుతాయి. ఆ పొరల రాయే అఖీఖ్. గుజరాత్‌లోని ఖంబాత్‌లో తరతరాలుగా సానపట్టే అఖీఖ్ మన దక్కన్ నల్లరాయి కడుపున పుట్టినదే. షాజహాన్ కారీగర్లు పూలు పొదిగిన రాళ్లలో కొన్ని ఇలా అగ్నిపర్వతం ఇచ్చినవే.

అల్లా బంద్

వాయ్‌సీ హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లోనే, 1819 జూన్ 16న కచ్‌లో భారీ జల్జలా వచ్చింది. వేల ఇళ్లు కూలాయి. సింద్రీ అనే కోట చుట్టూ నేల కుంగి నీళ్లు నిండాయి. దానికి ఉత్తరాన, అంతకుముందు చదునుగా ఉన్న నేల ఎనభై కిలోమీటర్లకు పైగా పొడవున గట్టులా పైకి లేచింది. మనుషులు కట్టిన కట్టలు చూసిన జనం దీన్ని మాత్రం అల్లా బంద్ అని పిలిచారు. ఆ పేరే ఇప్పటికీ శాస్త్ర గ్రంథాల్లో నిలిచిపోయింది. భూకంపం నేలను ఊపడమే కాదు, శాశ్వతంగా ఎత్తుతుంది, దించుతుంది అనడానికి లోకానికి దొరికిన తొలి గట్టి సాక్ష్యాల్లో ఇది ఒకటి.

దక్కన్ మాత్రం గట్టి నేల, ఇక్కడ జల్జలాలు రావన్న నమ్మకం చాలా కాలం ఉంది. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చింది. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున, ఒకప్పటి నిజాం రాజ్యంలోదే అయిన కిల్లారిలో వచ్చి సుమారు పదివేల మందిని పొట్టనపెట్టుకుంది. అక్కడ జనాన్ని చంపింది నేల కదలిక ఒక్కటే కాదు. మట్టి అడుసుతో పేర్చిన బరువైన నల్లరాతి గోడలు, మట్టి మిద్దెలు నిద్రలో ఉన్నవాళ్ల మీద కూలాయి. 2024 డిసెంబర్ 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన ప్రకంపనలు హైదరాబాద్ దాకా తెలిశాయి.

కారణం ఇప్పుడు తెలుసు. భారత ఫలకం ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున ఉత్తరంగా జరుగుతూ ఆసియాను నెడుతోంది. ఆ ఒత్తిడి హిమాలయాల దగ్గరే ఆగిపోదు. పాత బండలోని పాత పగుళ్లను కూడా అప్పుడప్పుడు కదిలిస్తుంది. ఇక్కడ జల్జలాలు తక్కువ, అంతేగానీ అసలు రావని కాదు. ఇల్లు కట్టేటప్పుడు పిల్లర్లు, బీములు ఒకదానికొకటి సరిగా కట్టిపడేశారా లేదా అని మేస్త్రీని అడగడానికి ఆ ఒక్క సంగతి చాలు.

పల్లకీలో చివరి ప్రయాణం

1823 జనవరిలో లాంబ్టన్ హింగన్‌ఘాట్‌లో కన్నుమూశారు. సర్వే పగ్గాలు ఎవరెస్ట్ చేతికి వచ్చాయి. వాయ్‌సీ ఆ తర్వాత కూడా గావిల్‌గఢ్, నాగపూర్ వైపు తిరిగారు. నాగపూర్‌లోని సీతాబల్డీ గుట్ట నిర్మాణం మీద వ్యాసం రాశారు. ఆరోగ్యం మాత్రం కుదుటపడలేదు.

1824లో ఆయన కలకత్తాకు బయల్దేరారు. దేశంలో అడుగడుగునా రాళ్లు చూసినవారు, ఆ దారి కూడా చూసుకుంటూనే వెళ్లి ఉండాలి. కానీ కలకత్తాలో ఆయన పని మొదలవనే లేదు. 1824 ఏప్రిల్ 19న, ప్రయాణంలోనే ప్రాణం పోయింది. వయసు ముప్పైమూడు దాటలేదు.

అప్పటికి ఆయన రాసిన వాటిలో అచ్చయినవి చాలా తక్కువ. వజ్రాల గనుల మీద, ఆగ్రా రాళ్ల మీద వ్యాసాలు 1825లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ సంపుటిలో వచ్చాయి. కోనసముద్రం ఉక్కు వ్యాసం 1832లో, హైదరాబాద్ నివేదిక 1833లో అచ్చయ్యాయి. డైరీల్లోని భాగాలు 1840ల దాకా వెలుగు చూడలేదు. ఆయన తేల్చిన సంగతుల్ని ఈలోగా వేరేవాళ్లు మళ్లీ మొదటి నుంచి వెతుక్కున్నారు. తెలిసిన విషయం కాగితం మీదికి ఎక్కి నలుగురికీ అందకపోతే కొలిమిలోని హునర్ లాగే అదీ పోతుంది. వాయ్‌సీ విషయంలో పూర్తిగా పోకుండా ఆగింది, అంతే.

గుండు దారం చెప్పిన రహస్యం

వాయ్‌సీ చూడలేకపోయిన ఒక అద్భుతం ఆయన పనిచేసిన సర్వే నుంచే బయటపడింది. మేస్త్రీ గోడ నిట్టనిలువుగా ఉందో లేదో చూడటానికి గుండు దారం వేలాడదీస్తాడు. సర్వేవాళ్ల పరికరాలకు కూడా అదే ఆధారం. ఎవరెస్ట్ కొలతలు హిమాలయాల దగ్గరికి చేరేసరికి ఒక చిన్న తేడా వచ్చింది. పర్వతాల బరువు గుండును తన వైపు కొద్దిగా లాగుతోందన్నమాట. కలకత్తాలోని ప్రాట్ అనే మతాధికారి ఆ లాగుడు ఎంతుండాలో లెక్క కట్టి చూస్తే, అసలు కనిపించిన దానికి దాదాపు మూడు రెట్లు వచ్చింది. ఇంత పెద్ద పర్వతాలు అంత తక్కువగా ఎందుకు లాగుతున్నాయి?

1855లో ఇంగ్లండ్‌లోని ఎయిరీ దీనికి జవాబు చెప్పారు. పర్వతం నేల మీద పెట్టిన బరువు కాదు. నీళ్లలో మంచుగడ్డ తేలినట్టు, కింద బరువైన పొర మీద తేలికైన రాయి తేలుతోంది. పైన ఎంత ఎత్తుంటే కింద అంతకు మించిన వేరు ఉంటుంది. అలా, ఎవరూ తవ్వకుండానే, భూమి పైపెంకు కింద ఏముందో చెప్పే మొదటి సూచన మన దేశపు కొలతల్లో దొరికింది.

తర్వాతి మెట్టు కూడా ఇక్కడిదే. 1897 అస్సాం భూకంపాన్ని పరిశీలించిన జియలాజికల్ సర్వే అధికారి రిచర్డ్ ఓల్డ్‌హామ్, భూకంప తరంగాలు భూమిలో ప్రయాణించే తీరును బట్టి 1906లో భూమికి కేంద్రకం ఉందని చూపించారు. ఇప్పటి లెక్క ప్రకారం ఉపరితలం నుంచి కేంద్రం దాకా 6,371 కిలోమీటర్లు. హైదరాబాద్, సిద్దిపేటల కింద పైపెంకు మందం సుమారు 35 కిలోమీటర్లు. మొత్తం భూమిని మామిడికాయ అనుకుంటే ఇది తొక్క కన్నా పలచన. దాని కింద 2,900 కిలోమీటర్ల లోతు దాకా మాంటిల్. చాలామంది అనుకున్నట్టు అదేమీ లావా సముద్రం కాదు. గట్టి రాయే, కానీ లక్షల ఏళ్ల లెక్కన చూస్తే మెల్లగా పారుతుంది. అక్కడక్కడా కొద్దిగా కరిగి పైకి వచ్చినదే లావా. దాని కింద కరిగిన ఇనుముతో బాహ్య కేంద్రకం, నడిమధ్యన గట్టి ఇనుప ముద్ద.

1961లో హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వెలిసింది. వాయ్‌సీ సుత్తి పట్టుకుని నడిచిన నేల కింద ఏముందో ఇప్పుడు అక్కడి యంత్రాలు రాత్రింబవళ్లు వింటూ ఉంటాయి.

ఆయన నడిచిన దారి చూడటానికి పిల్లలకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. చంద్లాపూర్ గుట్ట దగ్గర ఒక బండ ముక్కను, వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్లినప్పుడు ఒక నల్లరాయిని తెచ్చి పక్కపక్కన పెడితే చాలు. ఒకదానిలో పలుకులు కనిపిస్తాయి, రెండోదానిలో కనిపించవు. ఆ తేడా ఎందుకు వచ్చిందో ఇంట్లో పిల్లలు అడిగితే, చెప్పడానికి ఇప్పుడు జవాబు ఉంది.